‘మొత్తం మేమే చూసుకుంటాం’ అనే అపార్ట్‌మెంట్ సర్వీసు: పనులకు నాలుగు, పాలనకు ఒకటి

నెల్లూరులో కొత్త అపార్ట్‌మెంటులో గృహప్రవేశాలు పూర్తికాకముందే మేనేజ్‌మెంట్ సర్వీసు మనిషి ఫైలు చంకలో పెట్టుకుని దిగిపోతాడు. వాచ్‌మన్ మొదలు లిఫ్టు దాకా, మెయింటెనెన్స్ వసూలు మొదలు జనరల్ బాడీ దాకా ‘మొత్తం మేమే చూసుకుంటాం సార్’ అంటాడు. ఫ్లాటుకు నెలకు 200 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. మనుషుల జీతాలు, కరెంటు, డీజిల్, లిఫ్టు ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) వేరు. ఈ సమీక్ష అలాంటి ఒక సర్వీసు మీద. పేరు రాయడం లేదు. ఈ ప్యాకేజీల అగ్రిమెంట్లు ఒకదానికొకటి జిరాక్సుల్లా ఉంటాయి కాబట్టి నెల్లూరు వాళ్లకైనా ఒంగోలు వాళ్లకైనా పేరు కంటే లోపలి విషయమే ఉపయోగం.

మార్కులు ముందే చెప్పేస్తాం. రోజువారీ పనులకు ఐదుకు నాలుగు. లెక్కలకు రెండున్నర. అసోసియేషన్ నడపడానికి ఒకటి, అదీ కుర్చీలు, మైకు సమయానికి తెప్పిస్తారు కాబట్టి.

కింద లెక్కలన్నిటికీ ఒకే భవనాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం: 24 ఫ్లాట్లు, అందులో పన్నెండు 1,100 చదరపు అడుగులవి, పన్నెండు 1,500వి. మొత్తం 31,200 చదరపు అడుగులు. నెల ఖర్చు 62,400 రూపాయలు.

పాలనకు ఒకటే మార్కు ఎందుకో చెప్పాలంటే కొలతబద్ద ఒకటి కావాలి. మనకు 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. అసోసియేషన్‌ను 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద గానీ, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గానీ రిజిస్టర్ చేసుకుంటారు. అయితే మీటింగుకు ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలి, ఎంతమంది వస్తే తీర్మానం చెల్లుతుంది, బాకీ పడ్డవాడికి ఓటుందా లేదా అన్నవి చాలావరకు బైలాస్ మీదే, అంటే అసోసియేషన్ సొంత నియమావళి మీదే నడుస్తాయి. ఆ బైలాసేమో పక్క అపార్ట్‌మెంటువి తెచ్చి, పేరు మార్చి ప్రింటు కొట్టించినవి. ‘లక్ష్మీ’ అని ఉండాల్సిన చోట ‘సాయి’ అని మిగిలిపోయిన బైలాస్ చూశాం.

స్పెయిన్ వాళ్లు ఈ పని చట్టంలోనే చేసేశారు. 1960 జులై 21 నాటి 49వ చట్టం, వాళ్ల భాషలో ‘లెయ్ దె ప్రొపియెదాద్ ఒరిసొంతాల్’, ఫ్లాట్ల యజమానులు కలిసి ఒక భవనాన్ని ఎలా నడుపుకోవాలో రోజులు, శాతాలతో సహా రాసి పెట్టింది. తర్వాత చాలాసార్లు సవరించారు కానీ అస్థిపంజరం అదే. నెల్లూరులో అది చెల్లదని వేరే చెప్పక్కర్లేదు. బైలాస్‌లో ఏం రాసుకోవాలో, సర్వీసు వాళ్లను ఏం అడగాలో తేల్చుకోవడానికి మాత్రం మాకు ఇంతకంటే పనికొచ్చిన కాగితం దొరకలేదు. అక్కడా ఇలాంటి సర్వీసు వాళ్లున్నారు. ‘అద్మినిస్త్రదోర్ దె ఫింకాస్’ అంటారు, అదొక గుర్తింపు ఉన్న వృత్తి. తేడా ఎక్కడుందో ముందుకెళ్లాక చెబుతాం. ముందు నీళ్ల సంగతి.

నీళ్ల విషయంలో ఈ సర్వీసు బాగానే చేస్తుంది. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు మూడు నెలలకోసారి కడిగిస్తారు, కడిగే ముందు, తర్వాత ఫోటో పెడతారు. మోటారు ఆన్, ఆఫ్ టైములు పుస్తకంలో రాస్తారు. మునిసిపల్ నీళ్లు వచ్చే గంటను బట్టి బోరు మోటారు వేసే టైము మార్చడం కూడా వాళ్ల మనిషికి తెలుసు. ఇక్కడొక పొరపాటు మాత్రం మానడం లేదు. వారం వారం టీడీఎస్ మీటరు ముంచి అంకె రాసి, ‘వాటర్ టెస్టు అయింది’ అని గ్రూపులో పెడతారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క, అంతే. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 2,000 దాకా ఫర్వాలేదని భారతీయ ప్రమాణం చెబుతుంది. బోరు నీళ్లకు ఆ అంకె అవసరమే, గీజరు రాడ్డు ఎందుకు తెల్లగా పెచ్చు కడుతోందో అది కొంతవరకు చెబుతుంది. క్రిములున్నాయో లేదో మాత్రం చెప్పదు. క్రిములను చంపే క్లోరిన్ నీళ్లలో మిగిలి ఉందా అన్నది వేరే చూడాలి, దానికి కొద్ది రూపాయల చుక్కల కిట్టు చాలు.

క్లోరిన్ వేసే పద్ధతి మరీ అన్యాయం. బ్లీచింగ్ పౌడరు చేటతో ట్యాంకులో చల్లేస్తారు. సున్నం అడుక్కి దిగుతుంది, రెండ్రోజులు కుళాయి తిప్పితే ఈతకొలను వాసన, మూడో రోజు నుంచి ఏమీ ఉండదు. మామూలుగా తేటగా ఉన్న నీళ్లకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలు. 20,000 లీటర్ల ట్యాంకుకు 50 గ్రాములు. దాన్ని ముందు కొద్ది నీళ్లలో ముద్దగా కలిపి, బకెట్టు ముప్పావు వంతు నింపి, ఐదు పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంటసేపు ఎవరూ వాడకూడదు. గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉందంటే వేసింది సరిపోయినట్టు. అది కూడా ట్యాంకు కింద కాదు, అన్నిటికంటే దూరంగా ఉన్న ఫ్లాటు కుళాయి దగ్గర చూడాలి. మూతి కట్టకుండా మెట్ల కింద పడేసిన బస్తాలో పౌడరుకు బలం ఉండదు, గ్రాములు సరిగ్గా తూచినా అంకె రాదు. ఈ నాలుగు వాక్యాలు అగ్రిమెంటు అనుబంధంలో తెలుగులో రాయిస్తే సరిపోతుంది, చేసే మనిషి చదివేది తెలుగే.

సెల్లార్ ఉన్న భవనాలకు అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాకు ఏం చేస్తాయో 2015 నవంబరులోనూ 2021 నవంబరులోనూ చూశాం. సెల్లార్ గుంటలో నీళ్లు తోడే పంపు సర్వీసు వాళ్ల జాబితాలో ఉంది, నెలకోసారి టిక్కు పెడతారు. టిక్కుకు ముందు స్విచ్చి వేసి ‘బుర్ర్’ అని శబ్దం వస్తే సరి అనుకుంటారు. నిజంగా చూడాలంటే గుంటలో నాలుగు బకెట్ల నీళ్లు పోసి, ఫ్లోటు దానంతట అదే లేచి పంపు ఆన్ అవుతుందా, నీళ్లు తగ్గాక ఆగుతుందా చూడాలి. ఫ్లోటు తీగకు పాలిథిన్ కవరు చుట్టుకుంటే అది లేవదు. సగం సెల్లార్లు మునిగేది ఆ కవరు వల్లే. రెండోది, బయటికి పోయే గొట్టానికి నాన్‌రిటర్న్ వాల్వు లేకపోతే పంపు ఆగిన వెంటనే వీధి కాలవ నీళ్లు అదే గొట్టంలోంచి వెనక్కొస్తాయి. ఆ పంపు రాత్రంతా తన నీళ్లే తను తోడుతుంది. మూడోది అందరూ మరిచిపోయేది: ఆ పంపుకు జనరేటరు లైను ఉందా? వాన పడితే కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ సరఫరా తీసేస్తుంది, లిఫ్టుకూ కారిడార్ లైట్లకూ జనరేటరు ఎక్కుతుంది, పంపు మాత్రం చీకట్లో కూర్చుంటుంది. మేం చూసిన ప్యానెల్‌లో సరిగ్గా అదే జరిగింది. ఎలక్ట్రీషియన్ రెండు గంటల్లో లైను మార్చాడు, సర్వీసు వాళ్ల సూపర్‌వైజరే పట్టించుకుని చేయించాడు. నాలుగు మార్కుల్లో ఒకటి అతనిది.

భారీ వాన హెచ్చరిక రాగానే లిఫ్టును పై అంతస్తుకు పంపి మెయిన్ ఆఫ్ చేయమని వాచ్‌మన్‌కు నేర్పారు, ఇదీ మంచి పనే. లిఫ్టు గుంటలోకి నీళ్లు దిగితే కేబిన్ కింది తీగలు, స్విచ్చులు పోతాయి. కాంప్రెహెన్సివ్ ఏఎంసీ అయినా సరే ‘నీళ్లు చేరడం వల్ల జరిగిన నష్టం’ సాధారణంగా అందులో ఉండదు. మనవాళ్లు కాంప్రెహెన్సివ్ అన్న మాట వినగానే అన్నీ వచ్చేస్తాయనుకుంటారు. మినహాయింపుల పేజీ చివర ఉంటుంది: కరెంటు పోతే దగ్గర అంతస్తుకు చేర్చే పరికరం బ్యాటరీలు, కేబిన్ ఫ్లోరింగు, లైట్లు, చాలా ఒప్పందాల్లో రోపు కూడా. ఆ పేజీని సర్వీసు వాళ్లు మనకు ముందే చూపించాలి. చూపించలేదు, అడిగితే ఇచ్చారు.

డీజిల్ సంగతి ఒక్క ముక్క. ఎన్ని లీటర్లు పోశారన్న రసీదులు మాత్రమే అప్‌లోడ్ చేస్తారు. జనరేటరు మీద గంటల మీటరు ఉంటుంది, ప్రతిసారీ ఆ అంకె కూడా ఫోటో తీయమనండి. మూడు నెలల లీటర్లను మూడు నెలల గంటలతో భాగిస్తే గంటకు సగటు వస్తుంది. ఒక నెల అది ఒక్కసారిగా పెరిగితే ఎక్కడో గొట్టం కారుతోంది, లేదా క్యాను కారుతోంది.

దోమల గురించి రాయకపోతే ఇది నెల్లూరు సమీక్ష అనిపించుకోదు. ఫాగింగు నెలకు రెండుసార్లు అన్నారు, పొగ బాగా వస్తుంది, పిల్లలకు సరదా. లార్వా ఉండేది సెల్లార్ గుంటలో, సెప్టిక్ ట్యాంకులో. ట్యాంకులోకి దోమలు వచ్చిపోయేది గాలి గొట్టంలోంచి. గొట్టం మూతికి దోమల జాలీ కట్టించడం ఒకసారి పని, ప్యాకేజీలో లేదు. మనమే చేయించుకోవాలి.

ఇక డబ్బు.

నెల ఖర్చు 62,400ను 24తో భాగిస్తే తలా 2,600. అడుగుల లెక్కన వేస్తే అడుగుకు రెండు రూపాయలు: చిన్న ఫ్లాటుకు 2,200, పెద్దదానికి 3,000. సర్వీసు వాళ్ల యాప్‌లో ముందుగా సెట్ చేసి ఉండేది ‘ఫ్లాటుకింత’ పద్ధతి. వాళ్లకు సులువు కాబట్టి. ఏది న్యాయమన్న గొడవ మొదటి సంవత్సరంలోనే మొదలవుతుంది. స్పెయిన్‌లో ప్రతి ఫ్లాటుకూ దస్తావేజులోనే ఒక శాతం రాస్తారు, క్వోత అంటారు. దాన్ని నిర్ణయించేటప్పుడు విస్తీర్ణమే కాక ఫ్లాటు రోడ్డు వైపుందా లోపలికుందా, ఏ చోటుంది, ఉమ్మడి సౌకర్యాల వాడకం ఎంత ఉండొచ్చు అన్నవీ చూస్తారు. ఖర్చు పంపకం మామూలుగా ఆ శాతం ప్రకారమే, ఓట్ల లెక్కలో కూడా దాన్ని చూస్తారు. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో దీనికి దగ్గరి చుట్టం అవిభాజ్య వాటా, అంటే భవనం స్థలంలో ఫ్లాటుకు వచ్చే వాటా, నెల్లూరోళ్ల భాషలో ‘నీ ఫ్లాటుకు ఎన్ని అంకణాలు పడింది?’ అన్నది. నెల్లూరు అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వాళ్ల 36తో కలపకండి. సర్వీసు వాళ్ల సభ్యుల రిజిస్టరులో ఫోను నంబరు, కారు నంబరు, పెంపుడు కుక్క పేరు కూడా ఉన్నాయి, అవిభాజ్య వాటాకు కాలమ్ లేదు. పెట్టించండి. ప్రతి దస్తావేజు జిరాక్సు చూసి అంకణాలు ఎక్కించి, మొత్తం కూడితే స్థలం విస్తీర్ణానికి సరిపోతోందో లేదో ఒకసారి చూసుకోండి. సరిపోకపోతే అది బిల్డరును అడగాల్సిన ప్రశ్న, ఎంత తొందరగా అడిగితే అంత మంచిది.

యాప్‌లో కట్టిన డబ్బు ఎక్కడికి వెళ్తుందన్నది ఇంకా ముఖ్యం. ఈ సర్వీసు మొదట ఇచ్చిన క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే వచ్చే పేరు అసోసియేషన్‌ది కాదు, సంస్థది. డబ్బు వాళ్ల ఖాతాలో పడి, ఖర్చులు పోగా మిగిలింది నెలాఖరున మన ఖాతాకు వస్తుందట. వద్దని చెబితే మార్చారు, ఫీజు పెంచలేదు. అంటే అడగనివాళ్లందరికీ పాత పద్ధతే నడుస్తోందన్నమాట. అసోసియేషన్ పాన్ కార్డు మీద ఖాతా, ఇద్దరు ఆఫీస్ బేరర్ల సంతకం, సర్వీసు వాళ్లకు చూసే అధికారం మాత్రమే. వాళ్లు చెల్లింపు ఎక్కిస్తే మనవాళ్లు ఆమోదించాలి.

జీఎస్టీ లెక్కలో మనవాళ్లు తడబడేది ఇక్కడ: సభ్యుడి నుంచి నెలకు 7,500 రూపాయల లోపు తీసుకునే అసోసియేషన్ ఆ వసూళ్ల మీద జీఎస్టీ కట్టక్కర్లేదు, మన ఊళ్లో మామూలు అపార్ట్‌మెంటుకు ఆ బాధ లేదు. కానీ సర్వీసు సంస్థ తన బిల్లు మీద 18 శాతం వేస్తుంది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని అసోసియేషన్ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఫీజు 4,800 మీద 864 పడితే పోనీ అనుకోవచ్చు. వాచ్‌మన్‌ను కూడా సంస్థ ద్వారానే పెట్టుకుంటే అతని జీతం మీదా పడుతుంది. 12,000 జీతానికి 2,160. వాచ్‌మన్ కుటుంబం భవనంలోనే ఉండి, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసే చోట నేరుగా పెట్టుకోవడమే లాభం. మనుషులు తరచూ మారే హౌస్‌కీపింగుకు సంస్థ మేలు. సంస్థ మనుషులైతే ప్రతి నెలా పీఎఫ్, ఈఎస్ఐ చలానాలో మన దగ్గర పనిచేసేవాళ్ల పేర్లున్నాయో చూడాలి. కాంట్రాక్టరు కట్టకపోతే పని చేయించుకున్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ‘కడుతున్నాం సార్’ అన్న మాట చలానా కాదు.

రిజర్వు నిధి అన్న కాలమ్ వీళ్ల నెలవారీ నివేదికలో అసలు లేదు. బిల్డరు అప్పజెప్పిన కార్పస్ (మూలనిధి), ఈ నెల మిగులు, రంగుల కోసం వసూలు చేసింది, అన్నీ ఒకే ఖాతాలో ఒకే మొత్తంగా కనిపిస్తాయి. నాలుగున్నర లక్షలుందని ధీమాగా ఉంటాం, అందులో ముట్టుకోదగింది ఎంతో ఎవరికీ తెలియదు. స్పెయిన్ చట్టం ప్రకారం గడిచిన సాధారణ బడ్జెట్‌లో కనీసం 10 శాతం రిజర్వు నిధి ఉండి తీరాలి, అంతకుముందు 5 శాతం ఉండేది, కొన్నేళ్ల కిందట పెంచారు. మన ఉదాహరణ భవనానికి ఏడాది ఖర్చు 7,48,800, అందులో పదో వంతు 74,880. ఫ్లాటుకు నెలకు 260. లిఫ్టు రోపు మార్చాల్సి వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి పదివేలు అడుక్కోవడం కంటే ఇది నయం. దీన్ని విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, నివేదికలో వేరే వరుసలో చూపమంటే సర్వీసు వాళ్లు ఒప్పుకుంటారు. అడగాలి, అంతే.

బాకీదార్ల విషయంలో ఈ సర్వీసు చేతకానితనం, దూకుడు రెండూ చూపిస్తుంది. మూడు నెలలు రిమైండర్ మెసేజీలు, నాలుగో నెల పేర్లు వాట్సాప్ గ్రూపులో, ఐదో నెల ‘నీళ్లు కట్ చేద్దామా సార్?’ నీళ్లు, డ్రైనేజీ జోలికి వెళ్లొద్దు. పోలీసు స్టేషన్‌లోనైనా కోర్టులోనైనా గెలిచేది బాకీ పడ్డవాడి మాటే, అసోసియేషన్‌ది కాదు. స్పెయిన్‌లో 2022 సవరణ కూడా బాకీదారుడికి కొన్ని సౌకర్యాలను కొంతకాలం ఆపే వీలిచ్చింది కానీ షరతు పెట్టింది: అది మితిమీరకూడదు, ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోకూడదు. క్లబ్‌హౌసు ఆపొచ్చు, కుళాయి ఆపకూడదు అన్నమాట. అసలు దెబ్బ వాళ్లు వేరే చోట కొట్టారు. బాకీ ఉన్నవాడు మీటింగుకు రావచ్చు, మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. మీటింగు నోటీసులోనే బాకీదార్ల జాబితా, ఓటు పోతుందన్న హెచ్చరిక ఉంటాయి. ఫ్లాటు అమ్మేటప్పుడైతే ఇంకా గట్టిది: బాకీ ఎంతో చెప్పే పత్రం సెక్రటరీ రాసి, ప్రెసిడెంటు ఆమోదముద్రతో అడిగిన ఏడు రోజుల్లో ఇవ్వాలి. నిర్లక్ష్యంగా తప్పు రాసినా, ఆలస్యం చేసినా నష్టానికి వాళ్లదే బాధ్యత. కొన్నవాడు ఆ ఏడాదిదీ, దాని ముందు మూడేళ్లదీ బాకీకి ఆ ఫ్లాటుతోనే జవాబుదారీ. అందుకే అక్కడ కొనేవాడే ముందు బాకీ కాగితం అడుగుతాడు.

మన సర్వీసు యాప్‌లో ‘నో డ్యూస్’ బటన్ ఉంది. నొక్కితే పీడీఎఫ్ వస్తుంది, ఎవరి సంతకమూ ఉండదు. అది నెలవారీ మెయింటెనెన్స్ మాత్రమే చూస్తుంది. రంగులకని, సీసీ కెమెరాలకని వేసిన ప్రత్యేక వసూళ్లు వేరే పట్టికలో ఉంటాయి, అవి ఇందులోకి రావు. 18,000 బాకీ ఉన్న ఫ్లాటుకు ‘బాకీ లేదు’ అని కాగితం వచ్చేస్తుంది. ఆ బటన్ తీయించి, సెక్రటరీ సంతకం, ట్రెజరర్ పరిశీలన, ఏడు రోజుల గడువు అని బైలాస్‌లో రాసుకోండి.

ఇప్పుడు ఒకటే మార్కు వచ్చిన చోటు. వీళ్ల అగ్రిమెంటులో ఒక వాక్యం ఉంది: అసోసియేషన్ తరఫున మీటింగులు ఏర్పాటు చేయడం, మినిట్స్ (మీటింగు రికార్డు) రాయడం, తీర్మానాలు అమలు చేయడం, అవసరమైన చోట ‘అధీకృత ప్రతినిధిగా’ సంతకం చేయడం. చివరి ముక్క కొట్టేయించండి. స్పెయిన్‌లో అద్మినిస్త్రదోర్‌గా బయటి వృత్తి నిపుణుణ్ణి పెట్టుకోవచ్చు, సెక్రటరీ పని కూడా అతనికే ఇవ్వొచ్చు. ప్రెసిడెంటు మాత్రం ఫ్లాటు యజమానే అయ్యుండాలి, భవనం తరఫున కోర్టులోనూ బయటా నిలబడేది ఆయనే. ఎవరూ ముందుకు రాకపోతే వంతుల వారీగానో చీటీ వేసో నియమిస్తారు, వద్దంటే కుదరదు. నాకు వీలుకాదనుకుంటే నెలలోగా జడ్జి దగ్గర కారణం చెప్పుకోవాలి. మన దగ్గర సెక్రటరీ పోస్టు మాట రాగానే సగం మందికి ఫోను మోగుతుంది, మిగతా సగం ‘ఆయనైతే బాగుంటుంది’ అని పక్కాయన్ని చూపిస్తారు. ఆ ఖాళీలోకే ఈ సర్వీసు దూరేది. ఏడాది పదవీకాలం, అంతస్తుల వారీ వంతు అని బైలాస్‌లో రాసుకుంటే ఆ ఖాళీ ఉండదు.

వీళ్లు రాసిన మినిట్స్ ఒకటి చూడండి: ‘ఆదివారం ఉదయం జరిగిన సమావేశానికి సభ్యులు అధిక సంఖ్యలో హాజరయ్యారు. రంగులు వేయించడానికి ఆమోదించారు. టీ, బిస్కెట్లతో సమావేశం ముగిసింది.’ టీ గురించి ఉంది, ఎవరు ఔనన్నారో లేదు. రేపు పెద్ద ఫ్లాటాయన నేను ఒప్పుకోలేదు, డబ్బు కట్టనంటే ఈ కాగితం ఎందుకూ కొరగాదు. స్పెయిన్ మినిట్స్‌లో ఉండాల్సినవి చట్టమే చెబుతుంది: తేదీ, చోటు, ఎవరు పిలిచారు, మొదటి పిలుపా రెండోదా, వచ్చినవాళ్లు, ప్రతినిధిని పంపినవాళ్లు, వాళ్ల శాతాలు, అజెండా, తీర్మానాలు, అవసరమైన చోట ఔనన్నవాళ్ల కాదన్నవాళ్ల పేర్లు. మీటింగు అయిన పది రోజుల్లోగా ప్రెసిడెంటు, సెక్రటరీ సంతకాలు పెట్టి ముగించాలి. మినిట్స్ పుస్తకానికి రిజిస్ట్రార్ ముద్ర ముందే ఉంటుంది. నోటీసులు, ఉత్తరాలు, ఓటు అప్పగించిన పత్రాలు ఐదేళ్లు దాచాలి.

కోరం, అంటే కనీస హాజరు గొడవకు కూడా అక్కడ తేలికైన దారుంది. ఏడాది మీటింగుకు కనీసం ఆరు రోజుల ముందు నోటీసు. మొదటి పిలుపుకు యజమానుల్లోనూ శాతాల్లోనూ సగానికి పైగా రావాలి. రాకపోతే అరగంట ఆగి అదే రోజు రెండో పిలుపు, దానికి కోరం లేదు. సగం ఫ్లాట్ల యజమానులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, అద్దెకున్నవాళ్లు మాత్రమే ఇక్కడుండే మన అపార్ట్‌మెంట్లకు ఇలాంటిది లేకపోతే ఏ మీటింగూ సాగదు. రాలేనివాళ్లు సంతకం చేసిన చిన్న కాగితంతో ఇంకొకరికి ఓటు అప్పగించొచ్చు. నోటీసు ఎక్కడికి పంపాలో యజమానే చెప్పాలి, చెప్పకపోతే ఫ్లాటుకు పంపినదే పంపినట్టు. అదీ కుదరకపోతే నోటీసు బోర్డులో పెట్టి మూడు రోజులు గడిస్తే అందినట్టే. మన సర్వీసు మాత్రం ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ‘రేపు 10 గంటలకు మీటింగ్, అందరూ తప్పక రావలెను’ అని పెట్టి చేతులు దులుపుకుంటుంది.

ఓట్లు లెక్కపెట్టేది తలలనా, వాటాలనా? స్పెయిన్‌లో రెండూ. మన భవనంలో అమ్ముడుపోని ఆరు పెద్ద ఫ్లాట్లు బిల్డరు పేరిటే ఉన్నాయనుకుందాం. ఫ్లాట్ల లెక్కన ఆయనకు 24లో 6 ఓట్లు. స్పెయిన్ లెక్కన తలల్లో ఆయన 19 మంది యజమానుల్లో ఒక్కడు, వాటాల్లో మాత్రం 31,200లో 9,000 అడుగులు, అంటే 29 శాతానికి కాస్త తక్కువ. రెండు లెక్కల్లోనూ నెగ్గితేనే తీర్మానం. బిల్డరు ఒక్కడే అందర్నీ తొక్కలేడు, చిన్న ఫ్లాట్లవాళ్లు గుంపుగా వచ్చి పెద్దవాళ్ల మీద ఖర్చు రుద్దనూ లేరు. సర్వీసు యాప్‌లో పోల్ పెడితే ఫోను నంబరుకో ఓటు. మొగుడొకటి, పెళ్లామొకటి, అద్దెకున్న కుర్రాడొకటి. ఆ పోల్ అభిప్రాయానికి వాడుకోండి, తీర్మానానికి వద్దు.

బిల్డరే సిఫారసు చేసిన సర్వీసైతే ఇంకొంచెం జాగ్రత్త. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికొచ్చే భవనాల్లో, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు బయటపడే నిర్మాణ లోపాన్ని చెప్పిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. బాత్రూం స్లాబు కారుతోందని ఫిర్యాదు రాగానే ఈ సర్వీసు మేస్త్రీని పిలిచి వాటర్‌ప్రూఫింగ్ చేయించి బిల్లు మెయింటెనెన్స్‌లో వేసింది. పని శుభ్రంగానే చేశారు. కానీ అది మన డబ్బుతో చేయాల్సిన పని కాదు. పైగా లోపం ఆనవాళ్లు పోయాయి. మొదటి ఐదేళ్లు ఏ పగులైనా కారుడైనా ముందు తేదీతో ఫోటో, తర్వాత బిల్డరుకు స్పీడ్ పోస్టు, ఆ తర్వాతే మేస్త్రీ. స్పెయిన్‌లో ఇది ఇంకో చట్టం కింద మూడు ముక్కలు: నిర్మాణానికి పదేళ్లు, నివాసయోగ్యతకు మూడేళ్లు, ఫినిషింగుకు ఏడాది.

అయితే తీసుకోవాలా? 15 ఫ్లాట్ల లోపు, రిటైరైన మేస్టారో బ్యాంకు ఉద్యోగో ఒకరు ఇష్టంగా చూసుకుంటున్న చోట వద్దు, 200 దండగ. 20 దాటి, సెల్లార్, లిఫ్టు, జనరేటరు ఉండి, యజమానులు ఊళ్లో లేనిచోట తీసుకోవచ్చు, పైన చెప్పినవి రాతలో మార్పించుకుని. ఒంగోల్లో తీసుకునేవాళ్లు కామన్ మీటరు సర్వీసు నంబరు సీపీడీసీఎల్‌దని గుర్తుంచుకోండి. నెల్లూరు అగ్రిమెంటు కాపీలో ఎస్పీడీసీఎల్ అని అచ్చయి ఉంటుంది.

సంతకం పెట్టేముందు చివరిగా చూడాల్సింది, విడిపోయేటప్పుడు ఏమేం తిరిగివ్వాలన్న క్లాజు. వీళ్లది ఒక్క వాక్యం: ‘సంబంధిత రికార్డులు అప్పగించబడును.’ దాని బదులు వరసగా రాయించండి: సభ్యుల లెడ్జరు ఎక్సెల్ ఫైలు, పీడీఎఫ్ కాదు, మినిట్స్ పుస్తకం, మామూలుగానైతే అది ఎప్పుడూ సెక్రటరీ ఇంట్లోనే ఉండాలి, లిఫ్టు డోర్ తాళం, లిఫ్టు ఏఎంసీ అసలు కాపీ, జనరేటరు లాగ్‌బుక్, కరెంటు సర్వీసు నంబర్లు, సీసీ కెమెరాల డీవీఆర్ పాస్‌వర్డు, వీలైతే వాళ్ల ముందే మార్చేయాలి, వాచ్‌మన్ గది డూప్లికేట్ తాళం. నోటీసు గడువు ఇరువైపులా 30 రోజులు చేయించండి, వాళ్ల కాపీలో మనకు 90, వాళ్లకు 30 అని ఉంటుంది. ఆఖరి నెల బిల్లు ఇవన్నీ చేతికొచ్చాకే.